తెలుగు క్రైస్తవ కీర్తన - బోధనా స్వరూపం: పురుషోత్తమ చౌధరి రచనల పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు క్రైస్తవ కీర్తనలను మతప్రచార సాహిత్యంగా వర్గీకరించి పక్కన ఉంచడం సాహిత్య విమర్శలో చాలాకాలంగా ఉన్న ధోరణి. పురుషోత్తమ చౌధరి (1803-1890) కీర్తనలు ఆరాధనకే కాక బోధనకు కూడా సాధనాలైన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాటి రూపం దేశి, పదజాలం మార్గి. ఈ రెండింటి మధ్య దూరాన్ని గ్రామ ఉపదేశి వ్యాఖ్యానం పూరించిందని, ఆ వ్యాఖ్యానంతో కలిపి చదివినప్పుడే కీర్తన విలువ స్పష్టపడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రైస్తవ కీర్తన, బోధనా సాహిత్యం, పురుషోత్తమ చౌధరి, దేశి-మార్గి, ఉపదేశి, శరణాగతి.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో క్రైస్తవ బోధనకు తొలి సాధనాలు వచన గ్రంథాలు. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దంలోనే బైబిలు అనువాదానికి పూనుకున్నాడు. 1805లో లండన్ మిషన్ పక్షాన విశాఖపట్నం చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకొని అనువాదం ప్రారంభించారు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వారికి తోడ్పడ్డాడు. ఈ కృషి అంతా చదవగలిగినవారిని ఉద్దేశించినది.

క్రైస్తవ సంఘాలలోకి పెద్దసంఖ్యలో వచ్చినవారు మాత్రం వేరు. 1878 జూలై 3న ఒంగోలు సమీపంలోని వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. అక్షరం వారికి అందుబాటులో లేదు. గ్రంథం చదవలేని సమాజానికి గ్రంథంపై ఆధారపడిన మతాన్ని బోధించడం ఎలా అన్నది ఆనాటి సంఘాలు ఎదుర్కొన్న ప్రధాన సమస్య. దానికి లభించిన సమాధానాలలో ముఖ్యమైనది కీర్తన.

ఆ కీర్తన సాహిత్యానికి ప్రధాన నిర్మాత పురుషోత్తమ చౌధరి. పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, ఉత్తర సర్కారు జిల్లాలలో సువార్తికునిగా జీవించాడు. ఆయన కీర్తనలు ఒక మిషన్‌కో ఒక ప్రాంతానికో పరిమితం కాలేదు. వివిధ సంఘాలు ఉమ్మడిగా వాడుకునే 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనం ద్వారా నేటికీ పాడబడుతున్నాయి.

2. 'ప్రచారం' అనే ముద్ర:

ఈ కీర్తనలకు సాహిత్య చరిత్రలో తగిన స్థానం దక్కకపోవడానికి కారణం ప్రక్రియ కాదు. అన్నమయ్య, రామదాసు, త్యాగరాజుల కృతులు సాహిత్య విద్యార్థులకు పాఠ్యాంశాలే. మతం కూడా కారణం కాదు. జాషువ 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మిగిలినది ప్రయోజనం. కీర్తన ఒక మతాన్ని బోధించడానికి పుట్టింది కాబట్టి అది కవిత్వం కాదన్న భావన ఈ ఉపేక్ష వెనుక ఉన్నది.

ఈ భావనకు తెలుగు విమర్శ సంప్రదాయమే సమాధానం చెబుతుంది. పాల్కురికి సోమనాథుడు వీరశైవాన్ని ప్రచారం చేయడానికే 'బసవపురాణం' రచించాడు. ఆ లక్ష్యాన్ని ఆయన దాచలేదు, విమర్శకులూ దోషంగా ఎంచలేదు. పైగా, బోధించాలన్న తపనే ఆయనను ద్విపద వైపు, జానుతెనుగు వైపు నడిపించిందని గుర్తించి గౌరవించారు. ప్రచార ప్రయోజనం ఒక కవి విషయంలో నూతన రూపానికి హేతువై, మరొక కవి విషయంలో అనర్హత కావడం సమంజసం కాదు.

అయితే ఈ పోలిక చౌధరికి పూర్తిగా అనుకూలించేది కాదు. సోమనాథుడు రూపంలోను, భాషలోను దేశిని ఆశ్రయించాడు. చౌధరి రూపంలో మాత్రమే ఆశ్రయించాడు. ఆయన కృతులను అంచనా వేయడంలో కీలకమైన ప్రశ్న ఇదే.

3. కీర్తన నిర్మాణం - బోధనా క్రమం:

కీర్తనకు పల్లవి, చరణాలు అంగాలు. బోధన దృష్టితో చూస్తే ఈ విభజనకు మరో అర్థం ఏర్పడుతుంది. పల్లవి సిద్ధాంతాన్ని చెబుతుంది. చరణం దానికి కథను, హేతువును, దృష్టాంతాన్ని సమకూరుస్తుంది. ప్రతి చరణం తరువాత పల్లవికి తిరిగి రావడం వల్ల సిద్ధాంతం ప్రతిసారీ ఒక కొత్త ఆధారంతో పునరుక్తమవుతుంది. చరణాలు మరచిపోయినవారికి కూడా పల్లవి మిగులుతుంది. అంటే, ఎంత జ్ఞాపకం ఉంటే అంత పాఠం అందే విధంగా కీర్తన నిర్మితమైంది.

సంకలనంలో కీర్తనలను జననం, శ్రమలు, పునరుత్థానం, పశ్చాత్తాపం, సంస్కారాలు వంటి విషయాల క్రమంలో అమర్చడం కూడా గమనించదగినది. క్రమంగా పాడుకుంటూ వెళ్లిన సంఘం విశ్వాస సిద్ధాంతం మొత్తాన్ని ఒకసారి చుట్టివస్తుంది. కీర్తనల శీర్షికలలో రాగతాళాలను సూచించడం వల్ల ఒక ఊరి పాఠం మరో ఊరికి చేరడం సులభమైంది. అక్షరజ్ఞానం అవసరం లేని పాఠ్యగ్రంథంగా కీర్తనల పుస్తకం పనిచేసింది.

4. 'మీరు' నుండి 'నేను' వరకు:

ప్రసంగంలో బోధకుడు శ్రోతలను 'మీరు' అంటాడు. పాపం, పశ్చాత్తాపం, విశ్వాసం అన్నీ వినేవాని పట్ల చెప్పే మాటలు. చౌధరి శరణాగతి కీర్తనలలో వక్త 'నేను'. దోషం తనది, మొర తనది, ఆశ్రయం కోరేది తానే. ఆ కీర్తనను సంఘం పాడినప్పుడు ప్రతి గొంతులోను ఆ 'నేను' గాయకునిదే అవుతుంది. బయటినుండి వినవలసిన ఉపదేశం లోపలినుండి వచ్చే ఒప్పుకోలుగా మారుతుంది. శతక, కీర్తన సంప్రదాయాలలో చిరపరిచితమైన ఆత్మనివేదన ఇక్కడ బోధనా పద్ధతిగా రూపాంతరం చెందింది.

దీనిపై ఒక బలమైన ఆక్షేపణకు అవకాశం ఉన్నది. తరతరాలుగా అపవిత్రులని ముద్రపడిన ప్రజల చేత 'పాపిని' అని పాడించడం అవమానాన్ని రెట్టింపు చేయడం కాదా? ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చడం తగదు. కాని ఆ మాటను మొదట పలికినవాడు ఎవరన్నది విచారించాలి. కులవ్యవస్థ అత్యున్నతమని చెప్పిన జన్మ గల కవి తనను అధమాధమునిగా నివేదించుకుంటున్నాడు. అంటరానితనం పుట్టుకతో కొందరికే అంటగట్టిన మలినత్వం ఈ కీర్తనలో మానవులందరి స్థితిగా మారింది. అందరికీ సమానమైన దోషం ఎవరినీ ప్రత్యేకంగా తక్కువ చేయదు. ఇదే కవి 'కులాచారపరీక్ష' అనే కృతిలో కులాచారాన్ని విచారణకు నిలిపిన విషయం ఈ అన్వయాన్ని బలపరుస్తుంది. అయినా, కవి ఉద్దేశంలోని ఈ సమానత్వం సంఘజీవితంలో ఎంతవరకు ఆచరణకు వచ్చిందన్నది వేరే ప్రశ్న. సంఘాలలో కులభేదాలు కొనసాగినంతవరకు కీర్తన ఆ సంఘాలనే ప్రశ్నించే పాఠంగా నిలుస్తుంది.

5. పదజాలం - అందని అర్థం:

చౌధరి పదజాలం భక్తి కవిత్వం నుండి వచ్చింది. నాథుడు, కరుణ, శరణం, భవం, ముక్తి వంటి పదాలు ఆయన కృతులకు పునాది. ఆర్.ఆర్. సుందరరావు 1983లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథంలో తెలుగు క్రైస్తవ కీర్తనలలోని భక్తి తత్త్వాన్ని ప్రత్యేకంగా చర్చించారు. ఆ భక్తి పదాలు బోధనలో ఎలా పనిచేశాయన్నది ఇక్కడ విచార్యం. 'నిస్తారరత్నాకరము' అన్న శీర్షికనే తీసుకోవచ్చు. నిస్తారం అంటే దాటడం. రత్నాకరం అంటే సముద్రం, రత్నాలకు గని కూడా. సంసారసాగరాన్ని దాటాలన్నది పాత రూపకం. దాటించే తత్త్వమే సముద్రమంత విస్తారమన్నది ఈ శీర్షిక చేర్చే అర్థం. సంస్కృతం తెలిసినవారికి ఇది ఒక్క సమాసంలో స్ఫురిస్తుంది; తెలియనివారికి నాదం మాత్రమే మిగులుతుంది.

బైబిలు అనువాదం వేరే మార్గంలో నడిచింది. అందులో స్థిరపడిన పదం 'రక్షణ'. ముక్తి బంధం నుండి విడుదల. రక్షణ ఆపద నుండి కాపుదల. 1876-78 కరువును చూసినవారికి రెండవ పదం అనుభవానికి దగ్గరైనది. ఆ కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగాన్ని జాన్ క్లౌ గుత్తకు తీసుకొని ప్రజలకు కూలి దొరికేలా చేశాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. అన్నానికీ విశ్వాసానికీ మధ్య అంత జాగ్రత్తగా గీత గీయవలసివచ్చిన నేపథ్యంలో 'రక్షణ' కేవలం పారలౌకిక పదంగా వినిపించే అవకాశం లేదు. 'మారుమనస్సు' అన్న పదంలోనూ ఇదే గుణం ఉన్నది. రెండు పరిచిత పదాల కలయికతో సిద్ధాంతం వివరణ లేకుండానే బోధపడుతుంది. ఈ విషయంలో అనువాదకుల వచనం కవి పద్యభాషను మించింది.

6. ఉపదేశి వ్యాఖ్యానం:

మరి అర్థం పూర్తిగా అందని కీర్తనలు ఇంతకాలం ఎలా నిలిచాయి? రాగం ఒక్కటే కారణమనడం అర్ధసత్యం. పల్లెలో ఉపదేశి, ఇంటింటికీ వెళ్లే బైబిలు స్త్రీ కీర్తనను పాడించి, పదాన్ని విప్పి, సొంత మాటలలో చెప్పేవారు. హరికథలో పద్యానికి వచన వివరణ ఎంత సహజమో, ఇక్కడ కీర్తనకు వ్యాఖ్యానం అంత సహజం. ఈ దృష్టితో చూస్తే కఠిన సమాసం అడ్డంకి మాత్రమే కాదు. వివరణకు సందర్భాన్ని కల్పించే స్థానం కూడా. గురువు ద్వారా తత్త్వాలను నేర్చుకునే అలవాటు ఈ ప్రజలకు కొత్త కాదు. ఒంగోలు ప్రాంతపు తొలి మాదిగ క్రైస్తవ నాయకుడు ఎర్రగుంట్ల పేరయ్య అంతకు ముందు యోగ సంప్రదాయంలో గురువుగా ఉన్నవాడే.

కాని ఈ సమర్థనకు ఒక పరిమితి ఉన్నది. వ్యాఖ్యాత ఉన్నంతకాలమే ఆ సమాసం బోధనా స్థానం. వ్యాఖ్యాత తొలగితే అది అర్థంకాని శబ్దం. నేటి బోధనలో ఆంగ్లం నుండి అనువదించిన పాఠ్యప్రణాళికలు, ప్రసంగ నమూనాలు విరివిగా వాడుకలో ఉన్నాయి. కీర్తన ఆరాధనలో పాటగా మిగిలింది, పాఠంగా కాదు. సువార్త పరిచర్యకు సిద్ధమయ్యేవారికి తమ భాషలోనే ఉన్న సాధనం పరిచయం కాకపోవడం సంఘానికి నష్టం. ఆ సాధనాన్ని సాహిత్యంగా చదవకపోవడం విశ్వవిద్యాలయానికి నష్టం.

7. ముగింపు:

చౌధరి కీర్తన ఒంటరి పాఠం కాదు. పల్లవి సిద్ధాంతాన్ని నిలుపుతుంది, 'నేను' దాన్ని సొంతం చేస్తుంది, ఉపదేశి దాని అర్థాన్ని విప్పుతాడు. మూడింటిలో ఏది లోపించినా బోధన అసంపూర్ణం. పదజాలంలో ఆయన శ్రోతలకు దూరంగా నిలిచాడన్న విమర్శ నిలుస్తుంది. ఆ దూరాన్ని దాటిన ఘనత పేరు లేని ఉపదేశులది, బైబిలు స్త్రీలది. కాబట్టి పాఠభేదాలతో కూడిన పరిష్కృత ప్రతి ఎంత అవసరమో, పల్లెలలో ఇంకా మిగిలి ఉన్న వ్యాఖ్యాన సంప్రదాయాన్ని వృద్ధ గాయకుల నోట సేకరించడం అంత అవసరం. ముద్రిత పాఠం గ్రంథాలయంలో కొంతకాలం ఆగగలదు. మౌఖిక వ్యాఖ్యానానికి ఆ అవకాశం లేదు.