నాటింగ్‌హామ్ మూడు గేర్ల హబ్బు

పాత సైకిళ్ల విడిభాగాలు సేకరించేవారు ప్రాణంగా చూసుకునే వాటిలో స్టర్మీ ఆర్చర్ సంస్థ చేసిన మూడు గేర్ల హబ్బు (చక్రం మధ్యభాగం) ఒకటి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 1902లో మొదలైన ఈ సంస్థ తయారీ 2000లో అక్కడ ఆగిపోయింది. పేరు తైవాన్ సంస్థ సన్‌రేస్ చేతికి వెళ్లింది. కనుక నాటింగ్‌హామ్ హబ్బులు ఇక పాత సామాన్లలో దొరకాల్సిందే.

వీటిలో పేరు మోసినది ఏడబ్ల్యూ రకం. ఇరుసు మీద కదలని చిన్న పళ్లచక్రం, దాని చుట్టూ తిరిగే నాలుగు పళ్లచక్రాలు, వాటి వెలుపల పళ్ల కంకణం. ఇంతటి పనితనం అరచేతిలో పట్టే హబ్బులో ఇమిడిపోయింది. కింది గేరులో చక్రం వేగం పావు వంతు తగ్గుతుంది. మధ్య గేరులో మార్పుండదు. పై గేరులో మూడో వంతు పెరుగుతుంది.

తయారైన కాలం హబ్బు మీదే ముద్రించి ఉంటుంది: 62, 5 అని ఉంటే 1962 మే నెల. సేకరించేవారు ముందు ఈ అంకెలు చూసి, సైకిలు వయసుతో సరిపోల్చుతారు. తర్వాత హబ్బు విప్పి, గడ్డకట్టిన జిడ్డు కడిగి, అరిగిన స్ప్రింగులు మార్చి, నూనె వేస్తారు. పూర్తిగా పాడైనదాన్నీ పారేయరు. దానిలోని మంచి భాగాలు మరో హబ్బును బతికిస్తాయి. ఒక గొప్ప యంత్రవిద్యను నడిచే స్థితిలో నిలబెడుతున్న ఈ సేకరణ మనసారా మెచ్చదగినది.