రెండో పాటకు ఎదురయ్యే పరీక్ష

తొలి రచనతో పేరు తెచ్చుకున్న కళాకారుడికి అసలు పరీక్ష రెండో రచనతో మొదలవుతుంది. తొలి రచనకు పోలిక ఉండదు. రెండోదానికి తొలిదే పోలిక. 1950లో వచ్చిన ‘మహాప్రస్థానం’ చదివి ఊగిపోయిన పాఠకులు కొందరు 1966 నాటి ‘ఖడ్గసృష్టి’లో మళ్ళీ ఆ ఉధృతినే వెదికారు. దానికి సోవియట్ భూమి నెహ్రూ పురస్కారం వచ్చినా పోలిక ఆగలేదు. మధ్య పదహారేళ్ళలో దేశం మారింది, కవి కూడా మారక తప్పదు అన్న సంగతి ఆ పోలికలో మరుగున పడింది. అదే తగువు ఇవాళ యువతరం పాటల బృందాల చుట్టూ నడుస్తోంది. దీన్ని కుర్రకారు ముచ్చటగా కొట్టిపారెయ్యకూడదు. ఇది సాహిత్య సమస్య.

హైదరాబాదులో ఏర్పడిన ‘చౌరస్తా’ బృందాన్నే తీసుకుందాం. సినిమా చాటున కాక తెలుగులో సొంతంగా పాట కట్టి నిలబడవచ్చునని చూపిన బృందం అది. 2018లో వారి ‘ఊరెళ్ళిపోతా మామా’ ఊరూరా వినిపించింది. పట్నంలో ఊపిరాడని మనిషి ఎర్రబస్సెక్కి ఊరికి తిరిగి పోవాలనుకోవడం దాని వస్తువు. ఆ జానపద ధోరణికి రెగే లయ తోడైంది. రెగే 1960ల చివర జమైకాలో, కింగ్‌స్టన్ పేదవాడల్లో రూపు దిద్దుకున్న సంగీతం. దెబ్బ పడుతుందని చెవి ఎదురుచూసే చోట కాక, దాని పక్కన గిటారు తగలడం దాని లక్షణం. నడకను కాస్త వెనక్కి లాగే ఆ లయ ఊరిమీది బెంగకు చక్కగా అమిరింది. శిల్పం వస్తువును మోయడమంటే ఇదే.

ఈ పాటను అభిమానులు తమ సొంత గొంతుగా భావించారు. విమర్శ వైపు నుంచి ఒక అభ్యంతరం సహజంగానే వస్తుంది: ఈ పాటలోని ఊరు ఏ ఊరు? భూమి పోయి, అప్పు మిగిలి, వాడ వేరుగా బతికి పట్నం చేరినవాడికి ఊరంటే చల్లని నీడ మాత్రమే కాదు గదా! అభ్యంతరం న్యాయమైనదే. కాని కోరికను పాడే పాటను జనాభా లెక్కల పుస్తకంలా చదవకూడదు. ఆ ఊరు ఉన్నదా లేదా అన్నది ఒక ప్రశ్న. మనిషిని అంతగా ఊరివైపు తరిమిన పట్నం ఎట్లాంటిది అన్నది మరొక ప్రశ్న. పాటకు బలం ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

తర్వాత, 2020 మార్చిలో కరోనా మీద వారి పాట వచ్చింది. చేతులెత్తి మొక్కుతూ, చేయీ చేయీ కలపవద్దని వేడుకునే పాట. చేయీ చేయీ కలపమనడం అభ్యుదయ గీతానికి ఊపిరి. కలపవద్దనడం ఆనాటి వైద్యం. కాలం ఒక నినాదాన్ని ఎట్లా తలకిందులు చేస్తుందో ఇంతకంటె నిదర్శనం అక్కర్లేదు. దాన్ని కొందరు మహోపకారంగా మెచ్చుకున్నారు. కళ గోడపత్రికగా దిగజారిందని పెదవి విరిచినవారూ ఉన్నారు. ఇరువురూ పాత పాటతో తూచినవారే.

కాని ఆ వేసవిలో పాటకు అసలు కొలత మా ఇచ్చోడ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ అమలయింది. ఎర్రబస్సులు డిపోల్లో ఆగిపోయాయి. మే 1న లింగంపల్లి నుంచి హతియాకు తొలి శ్రామిక రైలు కదిలేదాకా వలసకూలీలకు రైలు లేదు. మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లల్ని చంకనేసుకొని, హైదరాబాదు నుంచి ఉత్తరాదికి జనం ఈ దారినే నడిచారు. తొలి పాటలోని కోరిక వారిది. బస్సు మాత్రం లేదు. రెండో పాటలోని హితవు వారికీ వర్తిస్తుంది. అది పాటించడానికి ఇల్లు మాత్రం లేదు. ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి ఈ రోడ్డు మీద వినవలసింది. ఏది బాగుంది అన్న తగువుకు అప్పుడు అర్థం ఉండదు.

తర్వాత గాయకుడు రామ్ మిర్యాల బృందం నుంచి బయటికి వచ్చాడు. 2021లో ‘జాతిరత్నాలు’, 2022లో ‘డీజే టిల్లు’, 2023లో ‘బలగం’ సినిమాల్లో పాడాడు. అమ్ముడుపోయాడనడం తేలిక, ఎదిగాడనడం అంతకంటె తేలిక. ‘బలగం’లో అతను పాడినది మళ్ళీ పల్లెటూరి పాటే, దాన్ని రాసిన కాసర్ల శ్యామ్‌కు 2025లో జాతీయ పురస్కారం ప్రకటించారు. ‘భీమ్లా నాయక్’ పాటలో మిర్యాలతో పాటు కిన్నెర మొగులయ్య గొంతు ఉంది. మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కూలిపని చేస్తున్నట్టు పత్రికలు రాశాయి. చప్పట్లకూ బతుకుకూ మధ్య దూరం ఇంత! అభిమానులూ విమర్శకులూ వాదించుకోవలసినది ఈ దూరాన్ని గురించి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. మా చుట్టుపక్కల గోండు గూడాల్లో దీపావళి నాటి దండారీకి గుస్సాడీలు ఏటా ఆడతారు. తోటి కళాకారులు కిక్రి మీటి తరాలనాటి కథనే పాడతారు. కొత్తది లేదేమని అక్కడ ఎవరూ అడగరు. పాత పాటే పాడే మనిషిని బట్టి, ఆ ఏటి కష్టసుఖాన్ని బట్టి కొత్తదవుతుంది. పాట యంత్రంలో గడ్డకట్టి సరుకైన తర్వాతనే మొదటిది, రెండోది అన్న లెక్క పుట్టింది. సరుకుకు కొత్త మోస్తరు కావాలి, పాత రుచీ కావాలి. అభిమాని అనుకొని మనం పలికే మాటలో చాలాసార్లు కొనుగోలుదారు పలుకుతున్నాడు.

కనుక రెండో పాటను ‘మొదటిదానంత ఉందా?’ అని అడగవద్దు. మొదటి పాట తర్వాత ఈ గొంతు ఏమేం చూసింది, చూసినదాన్ని పాటలోకి రానిచ్చిందా అని అడుగుదాం. నడిచిపోయినవాళ్ళను చూసిన తర్వాత కూడా ఊరి పాట పూర్వంలాగే ఉంటే అది లోపం. మారిన పాట మనకు వెంటనే నచ్చకపోతే ఆ లోపం పాటది కాకపోవచ్చు.