ట్యాంకు చుట్టూ విమానం

1988 ఏప్రిల్ 15న సోవియట్ యూనియన్‌లో టుపోలెవ్ టీయూ-155 విమానం ఎగిరింది. దాని మూడు ఇంజిన్లలో ఒకటి ద్రవ హైడ్రోజన్‌తో నడిచింది. హైడ్రోజన్‌ను మండించి ఎగరవచ్చని ఆనాడే తేలిపోయింది. అయినా విమానాల కాలుష్యం ప్రస్తావన వస్తే మనం ఇంకా ఇంజిన్ దగ్గరే ఆగిపోతున్నాం. చిక్కంతా ట్యాంకుది. కిలో హైడ్రోజన్‌లో 120 మెగాజౌళ్ల శక్తి ఉంటే కిలో కిరోసిన్‌లో ఉన్నది 43 మాత్రమే. లీటర్లలో కొలిస్తే లెక్క తలకిందులవుతుంది: మైనస్ 253 డిగ్రీల్లో ద్రవంగా ఉంచినా, అంతే శక్తికి హైడ్రోజన్ నాలుగు రెట్లు చోటు అడుగుతుంది. పైగా వేడి చొరబడకుండా ట్యాంకు గుండ్రంగా, మందమైన పొరలతో ఉండాలి కాబట్టి పలచని రెక్కల్లో ఇమడదు. టీయూ-155లో దాన్ని ప్రయాణికులు కూర్చోవలసిన వెనక భాగంలో పెట్టారు. పాత విమానానికి కొత్త ఇంధనం అతికించడం కన్నా ట్యాంకు చుట్టూ కొత్త విమానం గీయడమే దారి అని నా నమ్మకం.

ద్రవీకృత సహజవాయువు చాలా సులువు కదా అంటారు. నిజమే, దానికి మైనస్ 162 డిగ్రీలు చాలు, చోటూ తక్కువే. టీయూ-155 కూడా హైడ్రోజన్‌తో కొద్దిసార్లే ఎగిరి, తర్వాత సహజవాయువుకే మళ్లింది. కిరోసిన్‌తో పోలిస్తే కార్బన్ డయాక్సైడ్ దాదాపు పావు వంతు తగ్గుతుంది. కానీ ఆ వాయువులో ప్రధానంగా ఉండే మీథేన్ వాతావరణంలోకి కారితే 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు వేడి పెంచుతుంది. బావి నుంచి ఇంజిన్ దాకా నూటికి ఒక పాలు కారినా ఆ లెక్కలో ఆదా అంతా దాదాపు ఆవిరే. అంత పలచటి లాభం కోసం విమానాశ్రయాలను తిరగగట్టడం నాకు సమ్మతం కాదు.

హైడ్రోజన్‌పై ఆక్షేపణలూ బలమైనవే. నేడు అది ఎక్కువగా సహజవాయువు, బొగ్గు నుంచే వస్తోంది. ద్రవంగా మార్చడానికే దానిలోని శక్తిలో మూడో వంతు దాకా ఖర్చవుతుంది. సౌర, పవన విద్యుత్తుతో తయారుచేయకపోతే ఈ శ్రమంతా వృథా. అదే విద్యుత్తుతో కృత్రిమ కిరోసిన్ చేసి పాత విమానాల్లోనే పోయొచ్చు కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. సుదూర ప్రయాణాలకు నేనూ ఒప్పుకుంటాను. తక్కువ దూరాలకు మాత్రం, కృత్రిమ కిరోసిన్‌లా గాలిలోంచి కార్బన్‌ను పట్టి తెచ్చే ఖర్చు లేని హైడ్రోజన్‌కే నా ఓటు. 2035కల్లా తెస్తామన్న హైడ్రోజన్ విమానాన్ని ఎయిర్‌బస్ 2025లో వాయిదా వేసింది. నేల మీద ఇంధన సరఫరా సిద్ధంగా లేకపోవడం అందుకు ఒక కారణం. అలాగని నింపడం తెలియని పనేమీ కాదు: శ్రీహరికోటలో మన రాకెట్లు ద్రవ హైడ్రోజన్ నింపుకుంటూనే ఉన్నాయి. అయితే రాకెట్ ఒక్కసారి నింపుకొని నిమిషాల్లో ఖర్చు పెట్టేస్తుంది. విమానమైతే రోజుకు చాలాసార్లు, మామూలు సిబ్బంది చేత, ఏళ్ల తరబడి నింపించుకోవాలి. ఆ పనిని ముందు రెండు విమానాశ్రయాల మధ్య, ఒకే మార్గంలో సాధన చేయడం మొదలుపెట్టాలి.