కాలి జూలుకు నిప్పు సోకకుండా

1907లో కట్టిన హైదరాబాద్ నాంపల్లి స్టేషన్‌లో దిగి అబిడ్స్ దాకా రావాలంటే ఒకప్పుడు జట్కానో టాంగానో మాట్లాడుకోవాల్సిందే. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టాక కూడా గుర్రబ్బండ్లు ఒక్కరోజులో మాయం కాలేదు. గట్టి రోడ్డు మీద పొద్దస్తమానం బండి లాగే గుర్రానికి గిట్ట పెరిగేది తక్కువ, అరిగేది ఎక్కువ. గిట్టలకు లాడాలు కొట్టి ఆ లెక్క సరిచేసేవాడే నాల్‌బంద్. ఇప్పుడు ఆ వీధుల్లో గుర్రం కనబడటమే అరుదు. పోలీసు గుర్రాలు బందోబస్తుకు వస్తే చూడాలి, లేదంటే పెళ్లిళ్ల రోజుల్లో బారాత్ ముందు.

ఎద్దుకు లాడాలు కొట్టడం చూసినవాళ్లకు ఈ పని సగం తెలిసినట్టే. ఎద్దును తాళ్లతో బంధించి పడుకోబెడతారు, చీలిన గిట్టకు రెండు బిళ్లలు కొడతారు. గుర్రాన్ని అలా పడెయ్యరు. మూడు కాళ్ల మీద నిలబడి, నాలుగో కాలు మనిషి చేతికిచ్చి ఊరుకుంటుంది. అందుకే ఇక్కడ ఇనుము తెలిస్తే సరిపోదు, జంతువు కూడా తెలియాలి.

మన నాల్‌బందులది ఎక్కువగా చల్లని పని. లాడాన్ని దాగలి మీద సుత్తితో వంచి, గిట్టకు ఆనించి చూసి, మళ్లీ వంచి, మేకులు దిగ్గొడతారు. కొలిమి మోసుకు తిరగక్కర్లేదు కాబట్టి వీధిలో చెట్టు కిందైనా పని సాగుతుంది. వేడి పద్ధతి వేరు. లాడాన్ని కొలిమిలో కాల్చి, ఎర్రదనం తగ్గాక, చెక్కి సిద్ధం చేసిన గిట్ట అడుగున కొద్ది సెకన్లు అదిమి తీస్తారు. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చను ఆకురాయితో అరగదీస్తే ఇనుమూ గిట్టా సందు లేకుండా కూర్చుంటాయి. తొలిసారి చూసినవాడు గుర్రాన్ని కాలుస్తున్నారని అదిరిపోతాడు. గిట్ట బయటి పొర మన గోరు లాంటిదే, దానిలో నరాలుండవు, వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు. అయితే అదిమి ఉంచే కాలం మాత్రం కొద్దిదే అయ్యుండాలి. లాడం సరిపోలేదని గిట్టనే కాల్చి సరిపెట్టేవాడు చేతకానివాడు.

ఇక కాలి జూలు సంగతి. ఇంగ్లండ్ షైర్, స్కాట్లాండ్ క్లైడ్స్‌డేల్, నెదర్లాండ్స్ ఫ్రీజియన్ గుర్రాలకు మోకాలి కింద నుంచి గిట్టను కప్పేసేంత దట్టంగా వెంట్రుకలు దిగుతాయి. షైర్ మగ గుర్రం భుజం దగ్గరే కనీసం 5 అడుగుల 8 అంగుళాలు ఉంటుంది. అంత భారీ గుర్రానికి ఆ జూలే అందం, ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు దాన్ని ప్రత్యేకంగా చూస్తారు. కొన మాడిందంటే తిరిగి ఆ పొడవు రావడానికి నెలలు పడుతుంది.

ప్రమాదం ఎక్కడుందో తెలియాలంటే కాలు ఎత్తిన తీరు చూడాలి. కాలును వెనక్కి మడిచి అరికాలు పైకి తిప్పగానే, మడమ వెనకాల వేలాడే జూలు ముందుకు పడి గిట్ట మీద వాలుతుంది. వేడి లాడం రెండు కొసలూ వచ్చి ఆనేది సరిగ్గా అక్కడే. అదిమిన క్షణంలో లేచే పొగ కంటికి అడ్డం పడుతుంది. ముక్కు కూడా సాయం చెయ్యదు. గిట్టా వెంట్రుకా రెండూ ఒకే పదార్థం, కెరాటిన్. రెండింటికీ కాలిన వాసన ఒకటే. అంటే జూలు అంటుకున్నా పనివాడికి వెంటనే తెలియదు. ఈ పనిలో జాగ్రత్త అంతా ఇనుము కొలిమిలోంచి బయటికి రాకముందే జరిగిపోవాలి, తర్వాత ఎంత చురుగ్గా ఉన్నా లాభం లేదు.

ముందుగా ఎండిన బురద దులిపి, జూలును దువ్వి విడదీయాలి. ఆపైన దాన్ని పైకి దువ్వి, కాలి ఎముక మీదికి పోగుచేసి, నూలు పట్టీ చుట్టాలి. వేళ్ల భాగం కత్తిరించిన పాత మేజోడు తొడిగినా పనైపోతుంది. నైలాన్ పట్టీలు వద్దు, వేడి తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. పట్టీ జారనంత బిగువు చాలు, అక్కడ కాలి వెనక స్నాయువులున్నాయి, పని కాగానే విప్పెయ్యాలి. పైన తడి గుడ్డ కప్పడం మంచిదే. జూలునే నీళ్లలో నానబెట్టడం మాత్రం నాకు నచ్చదు. వేడి ఇనుము తగిలి ఆవిరి లేస్తుంది, దట్టమైన వెంట్రుకల కింద తడి నిలిస్తే చర్మం చెడుతుంది. జూలుకు నూనె, గంధకం కలిపి రాసే అలవాటు బ్రిటన్‌లో ఉంది. లాడం వేసే రోజు అది అసలు పనికిరాదు, నూనె మంటకు ఆహారం.

సాయానికి ఇద్దరుంటే మేలు. ఒకరు తల దగ్గర, నాల్‌బంద్ ఏ పక్కనుంటే ఆ పక్కనే నిలబడాలి. పట్టీ లేకపోతే రెండో మనిషి జూలును పిడికిట పట్టి పైకి లాగి ఉంచాలి. పొగ కంట్లో పడిందని చెయ్యి వదిలితే ఆ క్షణంలోనే నష్టం జరిగిపోతుంది. వెంట్రుక కాలిన నష్టం కన్నా పెద్దది ఇంకొకటుంది. చర్మానికి ఒకసారి సెగ తగిలిన గుర్రం మరుసటిసారి కాలు ఇవ్వదు. లాడాలు సుమారు ఆరువారాలకోసారి మార్చాలి, అంటే ఒక్క పొరపాటుకు ఏడాదంతా పెనుగులాటే. బ్రిటన్‌లో 1975 నాటి చట్టం ప్రకారం నమోదు చేసుకున్నవాళ్లే ఈ పని చెయ్యాలి. ఆ కట్టుబాటు అతి అనిపించదు నాకు.

మరి హైదరాబాద్ గుర్రాలకు ఇదంతా ఎందుకు? మార్వాడీ, కాఠియావాడీ జాతులకూ, పందెపు గుర్రాలకూ అంత జూలుండదు. మడమ వెనక చిన్న కుచ్చు ఉంటుంది, అంతే. దాన్ని నున్నగా కత్తిరించేయడం ఇక్కడ సోకు. కానీ వానాకాలంలో కాలి మీదినుంచి జారే నీళ్లు చర్మపు మడతలోకి పోకుండా కుచ్చు కొన మీదుగా బొట్లుగా కిందపడతాయి. వానల్లో తిరిగే గుర్రానికైనా దాన్ని వదిలేస్తే బాగుంటుంది.

వదిలేస్తే చల్లని పనిలోనూ కొంత జాగ్రత్త కావాలి. బారాత్ గుర్రమైతే ముందుగా కాళ్లకు కట్టిన మువ్వలూ జరీ పట్టీలూ విప్పేయాలి. మేకులు గిట్టలోని తెల్లగీతకు బయటే దిగి, గిట్ట బయటి పొర పక్కనుంచి బయటికొస్తాయి. ఆ కొసలు తుంచి, మిగిలిన మొనను వంచి అణిచేటప్పుడు కాలును ముందుకు తెచ్చి పీట మీద పెడతారు. ఈసారి గిట్ట పై అంచు వెంట్రుకలు ముందుకు జారి సుత్తి కిందికొస్తాయి. ఒక్క పోగు మొన కింద చిక్కినా గుర్రం వేసే ప్రతి అడుగుకూ అది లాగుతుంది. అందుకే చివరి మొన అణిచాక గిట్ట అంచు చుట్టూ వేలు తిప్పి, ఇరుక్కున్న పోగులేమైనా ఉంటే తీసి, అప్పుడు గుర్రాన్ని నాలుగడుగులు నడిపించాలి.