మెదడునకు చేటు తెచ్చు అలవాట్లు – లాన్సెట్ నివేదికపై ఒక విమర్శ

ఉదయపు ఫలాహారము మానిన మెదడు చెడుననియు, ముసుగు తన్ని నిద్రించిన జ్ఞాపకశక్తి నశించుననియు చెప్పు జాబితాలు నేడు సెల్‌ఫోనుల ద్వారా ఇంటింటికి చేరుచున్నవి. వీనిలో సత్యమెంతో, ఊహ యెంతో తేల్చుకొనుటకు సామాన్యునకు గట్టి ఆధారమొకటి కావలెను. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రకటించిన డిమెన్షియా నివేదిక అట్టి ఆధారముగా పేరుపొందినది. లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆచార్యురాలు గిల్ లివింగ్‌స్టన్ నాయకత్వమున పలువురు నిపుణులు దీనిని రచించిరి. దీని బలమెంతో, లోపమెంతో విచారింపదగియున్నది.

జ్ఞాపకము, ఆలోచన క్రమముగా క్షీణించి, మనిషి తన దినకృత్యములకే పరులపై ఆధారపడు స్థితి డిమెన్షియా. వయసుతో వచ్చు చిన్న మరపు ఇది కాదు. దీనికి దారితీయు కారణములలో మార్చదగినవి 14 కలవనియు, అవి అన్నియు పూర్తిగా తొలగినచో ప్రపంచములోని డిమెన్షియాలో సుమారు 45 శాతమును నివారించుట గాని, వెనుకకు నెట్టుట గాని సాధ్యమనియు నివేదిక అంచనా కట్టినది. వినికిడి లోపమునకు 7, చెడు కొలెస్టరాలుకు 7, చదువు లేమికి 5, ఒంటరితనమునకు 5 శాతము. మనసు కుంగుబాటు, తలకు దెబ్బ, వాయు కాలుష్యము ఒక్కొక్కటి 3 శాతము. పొగత్రాగుట, మధుమేహము, రక్తపుపోటు, వ్యాయామము లేమి, చికిత్స పొందని చూపు లోపము ఒక్కొక్కటి 2 శాతము. స్థూలకాయము, మితిమీరిన మద్యపానము ఒక్కొక్కటి 1 శాతము.

ఈ పట్టికలోని గొప్పతనము దాని విస్తృతి. పొగాకును, మద్యమును నిందించి ఊరకొనలేదు. బడికి పోలేని పిల్లవాని చదువు లేమి, పట్టణపు పొగను పీల్చు కూలివాని కష్టము వారి అలవాట్లు కావు. అట్లే చెవుడు వచ్చిన వృద్ధుని మాటను చాదస్తమని త్రోసివేయు ఇంటివారికి ఇందు పాఠము కలదు. వినబడనివాడు సంభాషణకు దూరమగును. దూరమైనవాని మెదడునకు పని తగ్గును. అయితే వినికిడి యంత్రము సర్వరోగ నివారిణి కాదు. అమెరికాలో 977 మంది వృద్ధులపై మూడేండ్లు జరిపిన పరీక్ష ఫలితములు 2023లో వెలువడినవి. మొత్తము మీద ప్రయోజనము కనబడలేదు. ముందే ముప్పు ఎక్కువగా నున్నవారిలో మాత్రము బుద్ధిక్షీణత 48 శాతము మందగించినది.

ఇక లోపములు. మొదటిది, శాతములు పాఠకుని సులభముగా మోసగించును. 45 శాతమనునది జనసమూహపు లెక్క. ఒక వ్యక్తికి అంత ముప్పు తగ్గునని అర్థము కాదు. పొగత్రాగుటకు 2 శాతమే గదా యని చుట్ట వెలిగించువాడు పొరబడినట్లే. ఒక కారణము వంతు దాని తీవ్రతపైననే గాక, జనములో దాని వ్యాప్తిపైన కూడ ఆధారపడును. అందుచే లెక్క దేశమును బట్టి మారును. 9 కారణములను గణించి 2017 నివేదిక ప్రపంచమునకు 35 శాతమనగా, 2019 నాటి ఒక అధ్యయనము అవే కారణములకు భారతదేశమున సుమారు 41 శాతమని తేల్చినది.

రెండవది నిద్ర. బ్రిటనులో 50, 60 ఏండ్ల వయసున ఆరు గంటలు గాని, అంతకు తక్కువగా గాని నిద్రించినవారిలో, ఏడు గంటలు నిద్రించినవారికన్న డిమెన్షియా ఎక్కువగా వచ్చెనని 2021లో ఒక దీర్ఘ అధ్యయనము తెలిపినది. అయినను వ్యాధియే ముందుగా నిద్రను చెరచవచ్చునను సందేహముతో నివేదిక దానిని చేర్చలేదు. ఈ జాగ్రత్త మెచ్చదగినదే. కాని ఒంటరితనమును, కుంగుబాటును కూడ వ్యాధియే ముందుగా తేవచ్చును గదా! వానికి స్థానమిచ్చి నిద్రను విడుచుటలో ఒకే తక్కెడ వాడినట్లు తోచదు.

2023లో ప్రకటితమైన ఒక అంచనా ప్రకారము భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతము, అనగా సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో బాధపడుచున్నారు. పురుషులకన్న స్త్రీలలోను, పట్టణములకన్న పల్లెలలోను ఇది ఎక్కువ. ఇట్టి దేశమునకు ఈ నివేదిక చెప్పు హితము స్పష్టము: రక్తపుపోటును, చక్కెరను అదుపులో నుంచుకొనుట వ్యక్తి పని, వృద్ధుని చెవిని పరీక్ష చేయించి అతనితో మాటలాడుట కుటుంబపు పని, ఆడపిల్లను బడిలో నిలుపుట, గాలిని శుభ్రపరచుట ప్రభుత్వపు పని. మూడింటిలో మొదటిదానిని మాత్రమే ఎత్తిచూపు జాబితా, ముసుగు నిద్రను తిట్టినను తిట్టకున్నను, సగము సత్యమే చెప్పును.