గుడ్లగూబకు గూడు కట్టే చేతులు

అమెరికా ఓరెగాన్ రాష్ట్రంలోని ఉమటిల్లా గడ్డిమైదానంలో పార పట్టుకుని గుడ్లగూబలకు ఇళ్లు కడుతున్న వాళ్లంటే నాకెంతో గౌరవం. బొరియ గుడ్లగూబ ఇంచుమించు జానెడు పిట్ట. అక్కడ తనంతట తాను తవ్వుకోవడం అరుదు; బ్యాడ్జర్లాంటి జంతువులు వదిలేసిన బొరియల్లో కాపురం పెడుతుంది. అవి తగ్గిపోయిన చోట దీనికి నిలవ నీడ లేదు. కెనడాలోనైతే ఇది అంతరించే ప్రమాదంలో పడిన జాతి.

అందుకే ఈ పనివాళ్లు ప్లాస్టిక్ పీపాను సగానికి కోసి గుంటలో బోర్లిస్తారు. అడుగు ఉంచరు, గుడ్లు పెట్టేది మట్టి మీదే కదా! దానికి ముడతల గొట్టం కలుపుతారు, గోళ్లకు పట్టు దొరకాలని. ఆ గొట్టాన్ని తిన్నగా వేయరు, ఒకచోట వంపు తిప్పుతారు. గూట్లోకి వెలుతురు పడకుండా చేసేది ఆ వంపే. నన్ను కట్టిపడేసిందీ అదే. పైన మూత పెట్టి మట్టి కప్పుతారు. కూనలను చూడాలంటే ఆ మూత తీస్తే చాలు.

ఇక సంసారం పిట్టదే. ఎక్కడెక్కడి పేడనో ఏరుకొచ్చి గుమ్మంలో పరుస్తుంది. ఆ వాసనకు పేడపురుగులు వస్తాయి, వచ్చినవాటిని వచ్చినట్టే తింటుంది. మిడతలు, తేళ్లు, చిట్టెలుకలూ దాని తిండే. ఒక్కో ఈతలో ఆరేడు గుడ్లు, ఒక్కోసారి పది కూడా. బెదిరితే కూనలు అచ్చం గిలకపాములా బుసకొడతాయి. మూత ఎత్తిన చేతులకు అదే మొదటి పలకరింపు.