వోల్టేజి దించడంలోని మెలిక

ఫాల్స్ సీలింగ్ అంచున దాచిన ఎల్ఈడీ స్ట్రిప్ వెలుతురు చాలలేదనగానే, ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చే ఎస్ఎంపీఎస్ పెట్టె మీది చిన్న స్క్రూను అంచనాగా తిప్పేసే అలవాటు ఈ మధ్య బాగా ప్రబలింది. మీటరు పట్టని చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వరాదన్న ఈ శీర్షిక పాత పట్టుదలకు ఈ వారం దొరికిన ఊతం అదే. స్ట్రిప్‌లో రెండు కత్తిరింపు గీతల మధ్య మూడు ఎల్ఈడీలు, వాటితో వరుసలో కరెంటును అదుపు చేసే ఒక రెసిస్టర్ ఉంటాయి. తెల్లని ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి కనుక మూడింటికి 9 పోగా తక్కిన 3 రెసిస్టర్ మీద పడతాయి. సరఫరాను 13కు పెంచితే ఆ అదనపు వోల్టులో అధికభాగం రెసిస్టర్ మీదికే చేరి కరెంటు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. కంటికి ఆనే వెలుతురు స్వల్పం, స్ట్రిప్‌కు ఎక్కే వేడి అధికం.

కనుక తిప్పదగినది కిందికే. అయితే వోల్టేజి తగ్గింపు అనగానే పాత ఫ్యాను రెగ్యులేటర్ గుర్తుకు రాక తప్పదు. స్విచ్ బోర్డు మీద సగం చోటు ఆక్రమించిన ఆ లావుపాటి పెట్టెలో తీగచుట్టలు ఉండేవి. ఫ్యానును ఒకటో నంబరులో పెడితే మోటారుకు చేరని వోల్టేజి ఆ చుట్టల్లో వేడిగా మారేది, అందుకే వేసవి రాత్రి దాని మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలేది, ఫ్యాను నెమ్మదించినంతగా బిల్లు తగ్గేది కాదు. తరువాతి కెపాసిటర్ రెగ్యులేటర్లు ఆ వేడిని చాలావరకు తప్పించాయి. ఎల్ఎం317 వంటి లీనియర్ రెగ్యులేటర్ చిప్ ఆ తీగచుట్ట వంశానిదే: 15 వోల్టులు తీసుకుని 9 ఇస్తే తేడా అంతా వేడే. పైగా దాని పరిమితి 1.5 ఆంపియర్లు, మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్ 5 మీటర్ల చుట్ట 6 ఆంపియర్లు అడుగుతుంది.

ఈ లెక్కన వోల్టేజిని ముట్టుకోకుండా, 12 వోల్టులనే సెకనుకు వందలసార్లు వేసి ఆర్పే పీడబ్ల్యూఎం డిమ్మరే మేలనిపిస్తుంది. కాని బక్ కన్వర్టర్, అంటే కాయిల్ సాయంతో వోల్టేజిని పెద్దగా వృథా లేకుండా దించే సర్క్యూట్, లెక్కను తిరగేస్తుంది. పీడబ్ల్యూఎంలో వెలుతురు ఎంత తగ్గించినా, వెలిగిన ప్రతి క్షణమూ 12లో 3 వోల్టులు, అంటే విద్యుత్తులో నాలుగో వంతు, స్ట్రిప్‌లోని రెసిస్టర్లలోనే కాలిపోతుంది. సరఫరాను 10 వోల్టులకు దించితే ఆ వాటా సుమారు ఏడో వంతుకు పడిపోతుంది. తీగచుట్ట నింద మోయవలసినది, ఈ విషయంలో, పీడబ్ల్యూఎమ్మే. బక్ కన్వర్టర్‌తో వెలిగిస్తే వీడియోలో చారలు కనబడవన్నది అదనపు లాభం.

చిక్కల్లా ఆ కన్వర్టర్ వోల్టేజిని మార్చే నాబ్ దగ్గరే ఉంది. సుమారు 7.5 వోల్టుల కింద స్ట్రిప్ దాదాపు ఆరిపోతుంది కనుక, సున్నా నుంచి తిరిగే నాబ్‌లో సగానికి పైగా వట్టి తిరుగుడే. నాబ్‌కు వరుసలో స్థిరమైన రెసిస్టర్ చేర్చి, కింది హద్దు 7.5 దగ్గర, పై హద్దు 12 దగ్గర ఆగేలా మీటరుతో సరిచూసుకోవాలి. కన్వర్టర్ ఆంపియర్లూ స్ట్రిప్‌కు సరిపడాలి. బజారులో విరివిగా దొరికే ఎల్ఎం2596 మాడ్యూల్ పరిమితి 3 ఆంపియర్లే. రంగులు మారే స్ట్రిప్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఎరుపు ఎల్ఈడీకి 2 వోల్టులే చాలు కనుక వోల్టేజి దిగేకొద్దీ నీలం, ఆకుపచ్చ ముందే ఆరిపోయి గదంతా ఎర్రబడుతుంది, అక్కడ పీడబ్ల్యూఎం తప్ప గతిలేదు.